బెజవాడ బాపు మ్యూజియాన్ని తీరిగ్గా చూడటం ఎలా?

మ్యూజియంలో ప్రతి వస్తువు పక్కనా ఒక చిన్న పలక ఉంటుంది. దానిమీద సాధారణంగా మూడు సంగతులు రాసి ఉంటాయి: వస్తువు పేరు, అది ఏ కాలానిది, ఏ ఊళ్ళో దొరికింది. మనలో చాలామంది మొదటిది చదువుతాము, రెండోది చూసి ఆశ్చర్యపోతాము, మూడోది చదవకుండానే పక్కనున్న అద్దాల బీరువా దగ్గరికి వెళ్ళిపోతాము. విజయవాడ బందరు రోడ్డుమీద ఉన్న బాపు మ్యూజియానికి మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ అలాగే గంటలో అన్నీ చూసి, ఫోన్ నిండా ఫొటోలు తీసుకొని వచ్చాను. మర్నాడు ఇంట్లో ఎవరో ఏం చూశావని అడిగితే ‘శిల్పాలు, నాణేలు’ అనడం తప్ప మరో మాట చెప్పలేకపోయాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ మూడో సంగతిని, అంటే ఊరి పేరును, ముందు చదవడం మొదలుపెట్టాను. ఆ రోజు చూసినవి ఇప్పటికీ గుర్తున్నాయి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

బయలుదేరే ముందు

మొదటి పని, ఆ రోజు మ్యూజియం తెరిచి ఉంటుందో లేదో కనుక్కోవడం. ప్రభుత్వ మ్యూజియాలకు వారంలో ఒక సెలవు రోజుతో పాటు పండుగ సెలవులు కూడా ఉంటాయి కాబట్టి, దూరం నుంచి వచ్చేవారు ముందు రోజే ఫోన్ చేసి వేళలు, టిక్కెట్ ధర, ఫొటోలకు అనుమతి, ఈ మూడూ ఒకేసారి అడిగి తెలుసుకోవడం మంచిది. మెట్లు ఎక్కలేని పెద్దవారు వెంట ఉంటే లిఫ్టు, చక్రాల కుర్చీ సంగతి కూడా అప్పుడే అడగండి.

ఏ కాలంలో వెళ్ళాలన్నది రెండో ప్రశ్న. బెజవాడ ఎండల సంగతి తెలియనిది కాదు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళవలసి వస్తే ఉదయం తలుపులు తీసే వేళకే చేరుకోండి. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రికి వచ్చే భక్తులతో ఊరంతా కిటకిటలాడుతుంది. అమ్మవారి దర్శనం, మ్యూజియం ఒకే పూటలో పెట్టుకుంటే రెండింటికీ న్యాయం జరగదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. బడిపిల్లల బృందాలు వచ్చేదీ ఎక్కువగా అప్పుడే కాబట్టి, వారి సందడి వద్దనుకునేవారు మధ్యాహ్నం భోజనాల వేళను ఎంచుకోవచ్చు.

రైల్వే స్టేషన్ నుంచైనా పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచైనా ఆటోలో తేలిగ్గా వెళ్ళవచ్చు. బందరు రోడ్డుకు అధికారికంగా మహాత్మాగాంధీ రోడ్డని పేరున్నా ఊరివాళ్ళ నోట పాత పేరే పలుకుతుంది. అలాగే ఆటో అతనికి ‘బాపు మ్యూజియం’ అని చెప్పినప్పుడు అర్థం కాకపోతే ‘విక్టోరియా మ్యూజియం’ అని చెప్పండి. బరువైన సంచులను స్టేషన్‌లో సామాన్లు భద్రపరిచే గదిలో వదిలి వెళ్ళడం మేలు, ఎందుకంటే రెండు గంటలు నిలబడి చూడవలసిన చోట భుజానికి బరువు వేలాడుతుంటే మనసు దేనిమీదా నిలవదు.

వెంట తీసుకువెళ్ళవలసినవి తక్కువే. ఒక చిన్న పుస్తకం, పెన్సిల్, మంచినీళ్ళు, దగ్గరి చూపుకు కళ్ళజోడు వాడేవారైతే ఆ కళ్ళజోడు. చివరిదాన్ని మరిచిపోతే నాణేల గదిలో చేసేదేమీ ఉండదు.

లోపలికి వెళ్ళకముందు భవనాన్ని చూడండి

కొత్త గదుల వెలుగులు చూడాలన్న ఆత్రంలో పాత భవనాన్ని దాటి వెళ్ళిపోకండి. ఈ మ్యూజియంలో మీరు చూసే మొదటి చారిత్రక వస్తువు అదే. విక్టోరియా రాణి పట్టానికి వచ్చి యాభై ఏళ్ళయిన సందర్భంగా 1887 జూన్ 27న దీనికి శంకుస్థాపన జరిగింది. శంకుస్థాపన చేసినవారు అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయెల్. ఆయన ఒట్టి అధికారి కాదు. అంతకు పదేళ్ళ ముందు, 1877లో, అమరావతి మహాస్తూపం దగ్గర తవ్వకాలు జరిపించి నివేదిక రాసినవాడు. తరువాత 1900లో విజయనగర సామ్రాజ్య చరిత్రను గ్రంథంగా వెలువరించినవాడు.

అమరావతి పేరు వచ్చింది కాబట్టి ఇక్కడే ఒక మాట చెప్పాలి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఆంగ్లేయ అధికారి తవ్వించిన శిల్పాలు మొదట మద్రాసుకు, అక్కణ్ణుంచి వాటిలో పెద్ద భాగం లండన్‌కు చేరాయి. ఈనాటికీ అమరావతి శిల్పాలను సమగ్రంగా చూడాలంటే చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికో, బ్రిటిష్ మ్యూజియానికో వెళ్ళవలసిందే. కృష్ణ ఒడ్డున దొరికినవి కృష్ణ ఒడ్డునే ఉండే చోట్లు ఎంత విలువైనవో ఈ సంగతి తలచుకుంటే అర్థమవుతుంది. బాపు మ్యూజియం అటువంటి చోటు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలనీ, కోటిమంది సభ్యులను చేర్చాలనీ, ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలనీ నిర్ణయించింది ఆ సమావేశాల్లోనే. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీజీకి అందించిందీ అప్పుడే. దానికి తెలుపును చేర్చాలన్నది గాంధీజీ సూచన. ఆ రోజులతో ఈ భవనానికి ఉన్న అనుబంధాన్ని ఊరు నేటికీ చెప్పుకుంటుంది. మరమ్మతులు, కొత్త నిర్మాణం పూర్తయి 2020 అక్టోబరు 1న, గాంధీ జయంతికి ముందు రోజున, మ్యూజియం తిరిగి తెరుచుకున్నప్పుడు దానికి గాంధీజీని తలుచుకుంటూ బాపు అన్న పేరు పెట్టారు. పాత భవనం ముందు ఐదు నిమిషాలు నిలబడి, రాణిగారి జూబిలీ కోసం కట్టిన చోటు స్వరాజ్యం మాటతో ముడిపడిన తీరును వెంట వచ్చిన పిల్లలకు చెప్పండి. లోపల వాళ్ళు చూసే తీరు మారుతుంది.

మొదట ఒక చుట్టు, తరువాత ఐదు వస్తువులు

టిక్కెట్ తీసుకున్నాక వెంటనే మొదటి బీరువా ముందు నిలబడకండి. అన్ని గదులనూ ఎక్కడా ఆగకుండా పావుగంటలో ఒకసారి చుట్టి రండి. రాతి పనిముట్లు ఏ వైపు, బౌద్ధ శిల్పాలు ఏ వైపు, నాణేలు ఎక్కడ, కూర్చోవడానికి బల్లలు ఎక్కడ ఉన్నాయో తెలుస్తుంది. ఆ నడకలో కంటికి తగిలినవాటిని ఐదింటిని మనసులో పెట్టుకోండి. ఐదే చాలు. ఇంటిల్లిపాదీ వెళితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఎంచుకోవచ్చు. రెండో చుట్టులో ఆ ఐదింటి దగ్గరా ఒక్కోచోట పది నిమిషాలు ఆగండి. పది నిమిషాలు చాలా ఎక్కువ అనిపిస్తుంది; నిజంగా ఆగి చూస్తే మొదటి మూడు నిమిషాల్లో కనబడనివి తరువాత కనబడతాయి.

ప్రతి వస్తువు ముందూ మీకు మీరే నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఏ ఊళ్ళో దొరికింది, దేనితో చేశారు, ఎలా చేశారు, ఎవరు వాడారు. ఊరి పేరును పుస్తకంలో రాసుకోండి. పలకమీద ఉన్న ఊరు మీకు తెలిసినదే అయితే, బస్సులో వెళ్తూ ఎన్నోసార్లు దాటిందే అయితే, ఆ వస్తువు మీకు ఇక పరాయిది కాదు.

అల్లూరు బుద్ధుడి ముందు

ఐదింటిలో ఒకటి ఏదై ఉండాలో నన్నడిగితే తడుముకోకుండా చెబుతాను: ఉమ్మడి కృష్ణా జిల్లా అల్లూరు నుంచి వచ్చిన నిలువెత్తు బుద్ధ విగ్రహం. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల నాటిది. చాలామంది దీన్ని పాలరాయి అనుకుంటారు. కృష్ణా లోయ బౌద్ధ శిల్పులు ఎక్కువగా వాడింది లేతరంగు సున్నపురాయి. పాలరాతికన్నా మెత్తగా ఉలికి లొంగే రాయి కనుకనే అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో అంత సన్నని పనితనం సాధ్యమైంది.

ముందు పది అడుగుల దూరంలో నిలబడి మొత్తం ఆకారాన్ని చూడండి. తరువాత దగ్గరికి వెళ్ళి ఒక్క వస్త్రాన్ని మాత్రమే చూడండి. కృష్ణా లోయ బుద్ధ విగ్రహాల్లో పైవస్త్రం ఎడమ భుజాన్ని కప్పి, కుడి భుజాన్ని వదిలేస్తుంది. ముడతలు వరుసగా, ఒక దాని పక్కన ఒకటి, గీతలు గీసినట్టు ఒంటి చుట్టూ వాలుగా దిగుతాయి. కింద అంచు దగ్గర గుడ్డ మందంగా మడతపడి ఒక వంపు తిరుగుతుంది. ఆ బరువైన అంచు ఈ ప్రాంతపు శిల్పుల గుర్తు. శ్రీలంకలోని పాత బుద్ధ విగ్రహాల్లోనూ ఈ లక్షణాలు కనిపిస్తాయి, ఎందుకంటే కృష్ణ ఒడ్డు నుంచి ఈ రూపం ఓడలెక్కి సముద్రాలు దాటింది. ముందు నుంచి చూశాక పక్కకు జరిగి చూడండి, వీలుంటే వెనక్కి వెళ్ళి చూడండి. శిల్పి వెనుక భాగాన్ని ఎంత శ్రద్ధగా చెక్కాడన్నది, ఆ విగ్రహం గోడకు ఆనుకొని నిలబడిందా, చుట్టూ ప్రదక్షిణ చేసేలా నిలబడిందా అని ఆలోచించుకోవడానికి పనికొస్తుంది.

ముట్టుకోవాలన్న కోరిక కలుగుతుంది. ముట్టుకోకండి. సున్నపురాయి చెమటను, నూనెను పీల్చుకుంటుంది. వందలమంది చేతులు తగిలిన చోట రాయి నల్లబడి, సన్నని గీతలు అరిగిపోతాయి. విగ్రహం కదా అని భక్తితో పాదాలను తాకేవారిని చూశాను. ఆ భక్తిని గౌరవించవలసిందే, కాని చేతులు జోడించి నిలబడినా నమస్కారం చేరుతుంది.

కుండలు, రాళ్ళు: పెద్దవారిని ముందు నిలపండి

రాతియుగపు పనిముట్లను, సమాధుల్లో దొరికిన కుండలను చాలామంది ‘రాళ్ళూ పెంకులూ’ అని వదిలేస్తారు. ఆ గదిలో అమ్మమ్మనో తాతయ్యనో ముందు నిలబెట్టండి. పల్లెలో పెరిగినవారికి సన్నికల్లు, పొత్రం, తిరగలి, బాన, మూకుడు చేతివాటంగా తెలిసినవి. కొత్త రాతియుగపు నూరుడు రాయిని చూసి ‘ఇది మన సన్నికల్లే కదా’ అని వారే అంటారు, ఎలా నూరేవారో చేతులతో చూపిస్తారు. పలకమీద ఆ సంగతి రాసి ఉండదు.

కుండల్లో లోపలా మూతి దగ్గరా నలుపు, బయట కింది భాగం ఎరుపు ఉన్నవాటిని వెతకండి. రెండు రంగులు పూశారని అనుకుంటాము, కాని అది నిప్పు చేసిన పని. కుండను ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, బోర్లించి పెట్టినప్పుడు గాలి తగిలిన భాగం ఎర్రబడుతుంది, బూడిదలోనో పొట్టులోనో కూరుకుపోయి గాలి తగలని భాగం నల్లబడుతుంది. రెండు రంగులు కలిసే చోట కచ్చితమైన గీత ఉండదు, పొగ మసకలా కలిసిపోతుంది. ఆ మసకను దగ్గరగా చూడండి. ఇనుము వాడకం తెలిసి, చనిపోయినవారి చుట్టూ పెద్ద బండలు నిలిపిన మనుషుల కుండలివి. దక్షిణాదిన రాక్షసగుళ్ళని పల్లెల్లో పిలిచే చోట్ల ఇటువంటివి దొరుకుతాయి. మీ ఊరి పొలిమేరలో ఆ పేరుతో ఒక దిబ్బ ఉంటే, ఈ కుండలు దాని సంగతే చెబుతున్నాయి.

నాణేలు, రాగిరేకులు, తాటాకులు

నాణేలను వరుసగా చూస్తే విసుగు పుడుతుంది. ఒక్క రాజవంశాన్ని ఎంచుకోండి. శాతవాహనులు సీసంతో కూడా నాణేలు పోయించారన్న సంగతి చాలామందికి తెలియదు. వాటిమీద ఏనుగును, కూడలిలా అడ్డంగా కలిసిన నాలుగు వృత్తాల గుర్తును వెతకండి. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల్లో కొన్నిటిమీద రెండు తెరచాపల కర్రలున్న ఓడ బొమ్మ ఉంటుంది. తీరం వెంట సాగిన సముద్ర వ్యాపారాన్ని అంత చిన్న బిళ్ళమీద చూపించారు.

రాగి శాసనం కనిపిస్తే అక్షరాలకన్నా ముందు దాని కట్టును చూడండి. రేకులకు ఒక పక్క రంధ్రం చేసి, ఉంగరంలాంటి వలయం గుచ్చి, ఆ వలయం కొసలను రాజముద్రలో బిగించేవారు. ముద్ర పగలగొడితే తప్ప మధ్యలో మరో రేకు చేర్చడం, తీయడం కుదరదు. అక్షరాలు అరగకుండా రేకుల అంచులను కొంచెం ఎత్తు చేసేవారు. తూర్పు చాళుక్యుల ముద్రమీద వరాహం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న మాట ఉంటాయి. ఇప్పటి రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండే పొలం సరిహద్దులు, సాక్ష్యాల్లాంటివే ఆ రేకుల్లోనూ ఉంటాయని పిల్లలకు చెబితే వారికి వెంటనే అర్థమవుతుంది.

తాళపత్రాల దగ్గర వెలుతురు తక్కువగా ఉందని నొచ్చుకోకండి. వెలుతురు ఎక్కువైతే ఆకు పెళుసుబారుతుంది, రంగు పోతుంది. అందుకే తక్కువ పెడతారు. గంటంతో, అంటే ఇనుప మొనతో, ఆకుమీద గీరి, ఆ గీతల్లో మసి రుద్దితే అక్షరం నల్లగా తేలుతుంది. తాటాకులు, బట్టలు, రంగుల చిత్రాల దగ్గర ఫొటోలకు అనుమతి ఉన్నా ఫ్లాష్ మాత్రం వేయకండి.

ఆయుధాలు, పింగాణీ పాత్రలను త్వరగా చూసినా పెద్ద నష్టం లేదు. బిద్రీ పని దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. తుత్తునాగంలో (జింకులో) కొద్దిగా రాగి కలిపి పోతపోసి, చెక్కిన గాడుల్లో వెండి తీగను కొట్టి, చివర బీదరు కోట మట్టితో చేసిన ద్రావణంలో ముంచుతారు. ఆ ద్రావణం లోహాన్ని నల్లబరుస్తుంది, వెండిని మాత్రం తాకదు. ఆ తళుకు అక్కణ్ణుంచి వస్తుంది.

తెరలు, ఫోన్‌ల గురించి

పునర్నిర్మాణం తరువాత ఇక్కడ వేలితో తాకి వివరాలు చూసే తెరలు, ఫోన్ సాయంతో అదనపు సమాచారం తెలుసుకునే ఏర్పాట్లు చేశారు. ఇవి మంచివే, ముఖ్యంగా దూరం నుంచి కనబడని చిన్న వివరాలను పెద్దవిగా చేసి చూపించడానికి. నా సలహా క్రమం గురించి మాత్రమే: ముందు వస్తువు, తరువాత పలక, ఆ పైన తెర. పిల్లలు సహజంగానే తెర దగ్గరికి పరుగెత్తుతారు. వారిని ఆపకుండా, పుస్తకంలో వస్తువు బొమ్మ ఒకటి గీసినవారికే తెర అని నియమం పెట్టండి. బొమ్మ బాగా రానవసరం లేదు. గీయడానికి చూసే చూపులో కుండ మెడ ఎంత సన్నదో, విగ్రహం చేయి ఎక్కడ విరిగిందో తెలుస్తుంది.

గదుల్లో ఉండే సిబ్బందిని మర్యాదగా పలకరించండి. ‘అయ్యా, ఇక్కడ అందరూ దాటిపోయేది, మీకు మాత్రం నచ్చినది ఏదండీ?’ అని నేనొకసారి అడిగితే, ఒక పెద్దాయన నన్ను వెనక్కి తీసుకువెళ్ళి నేను రెండుసార్లు దాటిపోయిన ఒక చిన్న రాతి ముక్కను చూపించి, దానిమీది తామర రేకులను లెక్కపెట్టమన్నారు. రోజూ చూసే కళ్ళకు తెలిసేవి వేరు.

అదే రోజు చూడదగినవి

ఓపిక ఉంటే మధ్యాహ్నం భోజనం చేసి మొగల్రాజపురం గుహలకు వెళ్ళండి. అవి ఊరి మధ్యలోనే కొండను తొలిచి చేసిన ఆలయాలు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన విష్ణుకుండిన రాజుల కాలానివని చెబుతారు. ఇంకొంత సమయం ఉంటే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకు వెళితే, అంతస్తులుగా తొలిచిన కొండలో శయనించిన అనంత పద్మనాభుణ్ణి చూడవచ్చు. మ్యూజియంలో అద్దం వెనుక ఉన్న పనితనం ఇక్కడ కొండకు అంటుకొని ఉంటుంది. తెలుగు పద్యం మీద ఇష్టం ఉన్నవారు ఇంద్రకీలాద్రి మీది మల్లేశ్వరాలయంలో దొరికిన, తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనం గురించి తెలుసుకొని వెళితే మరీ మంచిది. నన్నయకు ముందే, పదో శతాబ్దంలో, మధ్యాక్కర అనే తెలుగు ఛందస్సులో పద్యాలు రాతిమీద చెక్కించిన శాసనమది.

ఇంటికి వచ్చాక

పుస్తకంలో రాసుకున్న ఊళ్ళ పేర్లను మ్యాపులో గుర్తు పెట్టండి. ఐదు వస్తువులకు ఐదు చుక్కలు. వాటిలో చాలావరకు కృష్ణకో దాని పాయలకో దగ్గరగా పడితే, నది ఒడ్డు ఎందుకన్న ప్రశ్న పిల్లలే వేస్తారు.

మీ సొంత ఊరిని కూడా ఆ మ్యాపులో పెట్టండి. గుడి వెనుక పడి ఉన్న అక్షరాల బండ, చెరువు గట్టున సగం కూరుకుపోయిన వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), పొలం దున్నుతుంటే బయటపడ్డ పాత కుండ, ఇవి ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక రూపంలో ఉంటాయి. శాసనానికి సున్నం కొట్టించడం, రంగులు వేయించడం, అక్షరాలను మేకుతో గీరి స్పష్టం చేయాలని చూడటం వల్ల చదవగలిగేది కూడా పోతుంది. ఉన్నచోటనే ఉంచి, ఏటవాలు ఎండలో, అంటే పొద్దునో సాయంత్రమో, ఫొటో తీయండి. నీడ పడితే అక్షరాలు తేలతాయి. చదవడంలో సాయానికి పురావస్తు శాఖ కార్యాలయాన్ని సంప్రదించండి. భూమిలోంచి నాణేలో నగలో బయటపడితే పంచుకోవడం, కరిగించడం నేరం. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్న ఏ నిక్షేపం దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. ఏ చోట, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో అదే రోజు రాసిపెట్టండి, ఎందుకంటే ఆ వస్తువు రేపు ఏదైనా మ్యూజియం చేరితే దాని పక్కన పెట్టే పలకమీద మీ ఊరి పేరు ఆ కాగితం నుంచే వెళుతుంది.